ఆముదం కోతల వేళ కాపలా కుక్క పైలం

అచ్చంపేట, బల్మూర్, లింగాల, అమ్రాబాద్ చెల్కల్లో వానకాలం వేసిన ఆముదం గెలలు కోతకొచ్చే రోజులివి. పక్కనే యాసంగి పల్లి చేను ఎదుగుతుంటుంది. నల్లమల అంచు ఊళ్లలో అడవి పందుల భయానికి రైతు మంచె మీద, కుక్క మంచె కింద రాత్రంతా కాపలా కాస్తారు. ఈ సీజనులో ఆ కుక్కకు పొంచి ఉన్న గండం కల్లంలో ఆరబోసిన ఆముదం గింజే.

గింజలోనూ, చెక్కలోనూ

ఆముదం గింజలో రైసిన్ అనే విషపు మాంసకృత్తు ఉంటుంది. మన పాలెం పరిశోధన స్థానం ఇచ్చిన హరిత, ప్రగతి వేసినా, హైబ్రిడ్ వేసినా గింజలో ఈ విషం తప్పదు. గట్టి పెంకుతో గింజను మింగేస్తే కొన్నిసార్లు అలాగే బయటికి పోతుంది. కొరికి నమిలితేనే విషం ఒంట్లోకి దిగుతుంది. కుక్క పిల్లలు ఆడుకుంటూ కొరుకుతాయి కాబట్టి వాటికి ముప్పు మరీ ఎక్కువ.

గానుగాడితే రైసిన్ నూనెలోకి దిగదు, చెక్కలోనే మిగులుతుంది. సుమారు 4 శాతం నత్రజని ఉంటుందని ఆముదం చెక్కను మామిడి, నిమ్మ పాదులకు, కూరగాయ మడులకు వేస్తున్నాం. మంచి ఎరువే. కానీ ఆ వాసనకు కుక్కలు ఎగబడతాయి, ఎముకల పొడి కలిపితే మడిని తవ్వి మరీ తింటాయి.

ఏం చేయాలి?

- గెలలు ఆరబెట్టే కల్లం చుట్టూ ముళ్లకంప వేయండి. రాత్రి గింజల కుప్ప మీద పట్టా కప్పండి.
- గెలలు కొట్టాక పొట్టులో, తాలులో గింజలు మిగులుతాయి. వాటిని ఇంటి ముందు పోయకండి.
- చెక్కను మట్టి పైన చల్లి వదిలేయకుండా బెత్తెడు లోతున వేసి, మట్టి కప్పి, నీళ్లు పెట్టండి. మిగిలిన సంచి మూతి కట్టి అటక మీద పెట్టండి.
- పందులు రాకుండా చేను చుట్టూ ఆముదం వరుసలు వేసే పద్ధతి ఉంది. యాసంగి పల్లి చుట్టూ అయితే ముళ్ల కుసుమ నాలుగు వరుసలు వేసుకోండి. పందిని ఆపుతుంది, కుక్కకు విషం కాదు.

ఇంటి ముందరి మొక్కలు

పూజకని పెంచే గన్నేరు, పచ్చ గన్నేరు రెండూ గుండెను దెబ్బతీసేవే. ఆకు, పువ్వు, కొమ్మ, గింజ అన్నీ విషమే. ఎండినా విషం పోదు. కొమ్మలు కత్తిరించి దొడ్లో పడేస్తే కుక్కతో పాటు మేకలు, బర్రెలు కూడా ప్రాణం మీదికి తెచ్చుకుంటాయి. దిబ్బల మీద మొలిచే ఉమ్మెత్తను కాయ కట్టకముందే పీకేయండి. కంచెల మీద పాకే గురివింద గింజ విషం రైసిన్‌కు దగ్గరి చుట్టం.

కొత్తగా కట్టిన ఇళ్ల ముందు అందానికి పెట్టే సైకాస్ కుక్కల పాలిట అన్నిటికన్నా చెడ్డది. ఒకటి రెండు గింజలు తిన్నా కాలేయం పాడై చావచ్చు. కుక్క ఉన్న ఇంట్లో దాన్ని పెట్టకపోవడమే మేలు.

వంటింటి మాటొకటి. ఉల్లి, వెల్లుల్లి పచ్చివైనా వండినవైనా కుక్క నెత్తుటి కణాలను చిట్లగొడతాయి. 15 కిలోల కుక్కకు పావుకిలో ఉల్లిగడ్డ చాలు, జబ్బు చేయడానికి. మిగిలిన ఉల్లి కూరను దాని గిన్నెలో వంచకండి.

తిన్నదని తెలిస్తే

ఆముదం తిన్న కుక్కకు సాధారణంగా 6 గంటల్లోపే వాంతులు మొదలవుతాయి, ఒక్కోసారి రెండు మూడు రోజులు పట్టవచ్చు. తర్వాత నెత్తురు విరేచనాలు, కడుపునొప్పి, నీరసం. గన్నేరు అయితే చొంగ, వాంతులతో పాటు గుండె లయ తప్పుతుంది.

రైసిన్‌కు విరుగుడు మందు లేదు. అయినా ఆశ వదులుకోవద్దు. అమెరికాలో 1987 నుంచి 1998 వరకు నమోదైన 98 ఆముదం ఘటనలను పశువైద్యులు పరిశీలిస్తే, ప్రాణం పోయినవి 9 శాతమే. తిన్న వెంటనే కడుపులోని గింజలను వాంతి చేయించి తీయడం, బొగ్గు మందు పట్టడం, సెలైన్ ఎక్కించడం కుక్కను నిలబెడతాయి. ఇవన్నీ డాక్టరు చేయాల్సిన పనులు.

ఇంట్లో ఉప్పునీళ్లు, చింతపండు రసం గొంతులో పోయకండి. ఊపిరితిత్తుల్లోకి పోతే అదో ప్రమాదం, ఉప్పు ఎక్కువైతే అదీ విషమే. నోట్లో మిగిలిన గింజలు, ఆకులు తీసి, తిన్న మొక్క ముక్కను, వాంతిని సంచిలో వేసుకుని పశువుల ఆసుపత్రికి వెళ్లండి. దూరపు ఊళ్లవాళ్లు సంచార పశువైద్యశాల నంబరు 1962కు ఫోన్ చేసి అడగండి. చేలో ఎలుకల మందు గానీ, గుళికలు గానీ వాడి ఉంటే దాచకుండా ఆ మందు పేరు చెప్పండి. వాటికి చేసే వైద్యం వేరు.

ఆముదం సాగు మానుకోవాల్సిన పని లేదు. కోత మొదలుపెట్టే ముందే కల్లానికి కంప కట్టండి, రాత్రి కుక్కను అక్కడ వదలకండి.