మిగిలిన టైల్స్‌తో ఏం చేద్దాం? పాతబస్తీ గోడ నేర్పే పాఠం

ఇల్లు బాగు చేయించాక ఎవరికైనా చివరికి మిగిలేవి రెండే: కొంచెం అప్పు, మెట్ల కింద టైల్స్ ముక్కలు. లాల్‌దర్వాజాలోని మా ఇంట్లో కూడా అంతే. వంటింటికీ బాత్రూమ్‌కీ టైల్స్ వేయించాక నాలుగు నిండు పలకలు, ఒక సంచెడు ముక్కలు మిగిలాయి. "నాలా పక్కన పోసేయండి" అన్నాడు మేస్త్రీ. పోయకుండా వాటిని ఎలా వాడుకోవచ్చో సివిల్ విద్యార్థిగా కొంత చదివాను, కొంత చేసి చూశాను. అదే ఈ వ్యాసం.

ముందు ఒక పాత గోడ సంగతి చెప్పాలి. చార్మినార్ దాటి పత్తర్‌గట్టి వైపు వెళ్తే బాద్‌షాహీ ఆషూర్‌ఖానా ఉంటుంది. మన ఊళ్లలో పీర్ల పండుగ అంటామే, ఆ మొహర్రంలో పీర్లను నిలిపే చోటు. చార్మినార్ కట్టిన మూడేళ్లకు, 1594లో మహమ్మద్ కులీ కుతుబ్ షా దీన్ని కట్టించాడు. లోపలి గోడల మీద పసుపు, నీలం, ఆకుపచ్చ రంగుల్లో మెరిసే పలకల పని ఉంది. ఒకే పలక మీద బొమ్మ గీసి కాల్చిన పని కాదది. ఒక్కో రంగు గ్లేజ్‌కు కావలసిన వేడి వేరు. కాబట్టి ఏ రంగుకు ఆ రంగు విడిగా కాల్చి, పలకలను ఆకారాలుగా కోసి, ముక్క పక్కన ముక్క పేర్చారు. అంటే ఆ అందమంతా ముక్కలదే!

1908 సెప్టెంబర్‌లో మూసీ వరద ఇక్కడిదాకా వచ్చింది. గోడల కింది భాగంలో పలకలు దెబ్బతిన్నాయి. ఆ ఖాళీల్లో తర్వాత గచ్చు పూసి, అదే డిజైన్‌ను రంగులతో గీశారు. దగ్గరికి వెళ్లి చూస్తే పైనున్న పలకకీ కిందున్న పెయింట్‌కీ తేడా తెలిసిపోతుంది. ఒకసారి పోయిన పలకకు జోడీ దొరకడం అంత కష్టం.

మన ఇళ్ల టైల్స్‌కూ ఇదే వర్తిస్తుంది. అదే కంపెనీ, అదే డిజైన్ అయినా బ్యాచ్ మారితే రంగు ఛాయ, కొలత కాస్త మారతాయి. కాబట్టి మొదటి ఉపయోగం: నిండు పలకలను దాచుకోవడం. పడుకోబెట్టకుండా గోడకు ఆనించి నిలబెట్టండి. పెట్టె మీది కంపెనీ పేరు, బ్యాచ్ నంబరు, సైజు ఉన్న అట్టముక్కను కత్తిరించి వాటికే అంటించండి. రేపు పైపు లీకై నేల తవ్వాల్సి వస్తే ఆ రెండు పలకలే ఆదుకుంటాయి.

ఇక ముక్కలు. ముందు అవి ఏ రకమో తెలియాలి. వెనక వైపు ఒక నీటి చుక్క వేయండి. వెంటనే ఇంకిపోతే అది గోడకు వేసే సిరామిక్. దాని బరువులో పది శాతానికి పైగా నీళ్లు పీల్చగలదు. చుక్క అలాగే నిలిస్తే విట్రిఫైడ్. అది అర శాతం కూడా పీల్చదు. మొదటి రకాన్ని బుడగలు ఆగేదాకా నీళ్లలో నానబెట్టి సిమెంట్‌తో అతికించాలి, లేకపోతే సిమెంట్‌లోని నీళ్లన్నీ అదే తాగేస్తుంది. రెండోదానికి టైల్ గమ్ కావాలి.

కుదురు: వేడి గిన్నె దించడానికి విట్రిఫైడ్ ముక్క బాగుంటుంది. కింద నాలుగు మూలలా రబ్బరు ముక్కలు అంటిస్తే గట్టు గీసుకోదు. స్టవ్ మంట మీద మాత్రం పెట్టొద్దు. ఒకచోటే వేడెక్కితే పగులుతుంది.

జాడీల కింద: ఊరగాయ జాడీ, నూనె డబ్బా కింద పెడితే మరక చెక్కకు పట్టదు. గుడ్డతో తుడిస్తే పోతుంది.

తులసికోట, పూలకుండీలు: చిన్న ముక్కలతో ముగ్గులా పేర్చి, సందుల్లో గ్రౌట్ నింపండి. చండీగఢ్‌లో నేక్‌చంద్ ఇలాంటి పగిలిన పింగాణీ, టైల్స్ ముక్కలతోనే రాక్ గార్డెన్‌ను తీర్చిదిద్దాడు. 1976 నుంచి జనం దాన్ని చూస్తున్నారు.

బట్టలుతికే చోటు: మా నాయనమ్మ రోజూ నడిచే తడి నేల కాబట్టి దీని గురించి ఎక్కువ ఆలోచించాను. ఆ వయసులో కాలు జారితే మంచం పట్టాల్సిందే. నున్నటి గోడ టైల్స్ ఇక్కడ వద్దే వద్దు. గరుకుగా ఉండే నేల టైల్స్‌ను చిన్న ముక్కలు చేసి, మధ్యలో సందులు వదిలి వేయించాం. గ్రౌట్ గీతలు ఎన్ని ఎక్కువుంటే కాలికి అంత పట్టు.

ఒక జాగ్రత్త. ముక్కలు కొట్టేటప్పుడు గోనెసంచిలో పెట్టి కొట్టండి, కళ్లద్దాలు మరవొద్దు. కోసేటప్పుడు నీళ్లు పోస్తూ కోయాలి, మాస్క్ పెట్టుకోవాలి. ఆ దుమ్ములోని సిలికా ఊపిరితిత్తులకు హాని చేస్తుంది. అంచులను సానరాయి మీద తడిపి రుద్దండి.

అన్నీ పోగా మిగిలిన పెంకులను మాత్రం నాలాలో వేయకండి. అవి కుళ్లవు, కరగవు, నీటికి అడ్డుపడతాయి. వానాకాలంలో పాతబస్తీ గల్లీల్లో ఉండేవాళ్లకు ఆ నీళ్లు ఎక్కడికొస్తాయో తెలుసు. నిర్మాణ వ్యర్థాలను పొడిచేసి మళ్లీ వాడుకునేలా మార్చే ప్లాంట్లు మన నగరంలోనే జీడిమెట్లలో, ఫతుల్లాగూడలో ఉన్నాయి. పెంకులు అక్కడికి చేరేలా చూడండి.

ఈ ఆదివారం మీ మెట్ల కిందకు ఒకసారి తొంగిచూడండి. ఏం దొరికిందో, దానితో ఏం చేశారో ఫొటో తీసి మన క్లబ్‌కు పంపండి.