ఊపిరితిత్తుల రక్తపోటు: మధ్యలో ఆపకూడని ఇంజెక్షన్లు

బీపీ అనగానే చేతికి పట్టీ చుట్టి చూసేదే మనకు గుర్తొస్తుంది. అది మామూలుగా ఉన్నా, గుండె నుంచి ఊపిరితిత్తులకు రక్తం తీసుకెళ్లే ధమనులు ఇరుకై వాటిలో ఒత్తిడి పెరగవచ్చు. దీనినే పల్మనరీ ఆర్టీరియల్ హైపర్‌టెన్షన్ అంటారు. గుండె కుడిభాగం అలసిపోతుంది. ఆయాసం, కాళ్ల వాపు, స్పృహ తప్పడం దీని లక్షణాలు.

చాలామందికి మాత్రలతో చికిత్స మొదలవుతుంది. జబ్బు ముదిరితే ఇంజెక్షన్లు అవసరమవుతాయి. ముఖ్యమైనవి మూడు.

1. ఎపోప్రోస్టెనాల్: అమెరికాలో 1995లో అనుమతి పొందింది. రక్తంలో కొద్ది నిమిషాలే నిలుస్తుంది. అందుకే పెద్ద సిరలో అమర్చిన గొట్టం ద్వారా చిన్న పంపుతో రాత్రింబవళ్లు ఎక్కిస్తూనే ఉండాలి.

2. ట్రెప్రోస్టినిల్: 2002లో వచ్చింది. కొన్ని గంటలు నిలుస్తుంది కనుక చర్మం కింద కూడా పంపుతో ఇస్తారు. సూది ఉన్నచోట నొప్పి సాధారణం.

3. సొటాటర్‌సెప్ట్: 2024లో వచ్చింది. మూడు వారాలకొకసారి చర్మం కింద ఇస్తారు. హిమోగ్లోబిన్, ప్లేట్‌లెట్లు పరీక్షిస్తూ మోతాదు నిర్ణయిస్తారు.

ఇంటివారు గుర్తుంచుకోవలసినది: పంపు మందు హఠాత్తుగా ఆగితే ఒత్తిడి మళ్లీ పెరిగి ప్రాణం మీదికి వస్తుంది. అదనపు పంపు, మందు సిద్ధంగా ఉండాలి. గొట్టాన్ని శుభ్రమైన చేతులతోనే తాకాలి. జ్వరం వచ్చినా, గొట్టం దగ్గర ఎర్రబడినా వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి.

సాయం చేసే మనకూ ఇందులో పాఠముంది. ఈ మందులు ఖరీదైనవి. నెలల తరబడి, ఏళ్ల తరబడి కావాలి. ఒక నెల కొనిచ్చి మరుసటి నెల చేతులెత్తేస్తే రోగికి మేలు కన్నా కీడే ఎక్కువ. కాబట్టి చికిత్స మొదలయ్యే ముందే వైద్యునితో, కుటుంబంతో కూర్చుని ఎంతకాలం భరించగలమో లెక్క వేసుకుందాం. మాట ఇచ్చాక మందు ఆగకుండా చూద్దాం.