భయమే ప్రభుత్వమైతే

(ద్వితీయ బి.ఎస్సీ. విద్యార్థి, ఆగిరిపల్లి)

ఏ నియంతా ప్రజలందర్నీ చంపలేడు. అంత సైన్యమూ, అన్ని జైళ్ళూ ఎవరికీ ఉండవు. అందుకే కొందర్ని కొట్టి, మిగిలినవాళ్ళ నోళ్ళు మూయిస్తాడు. మా ఆగిరిపల్లి మామిడితోటల్లో చచ్చిన కాకి నొకదాన్ని కొమ్మకు వేలాడగడితే, తక్కిన కాకులు ఆ ఛాయలకు రావు. నియంతృత్వపు కిటుకంతా ఇదే.

ఉదాహరణ కోసం హిట్లరు జర్మనీ దాకా పోనక్కరలేదు. అప్పటి కృష్ణా జిల్లాను ఆనుకునే ఉన్న నిజాం సంస్థానంలో 1947-48లో జరిగింది చాలు. ఆ పద్ధతిని మూడు మెట్లుగా విడదీసి చూద్దాం.

మొదటిది, బాధ్యత లేని చెయ్యి. కాశిం రజ్వీ నడిపిన రజాకార్లు పేరుకు స్వచ్ఛంద దళం. వాళ్ళు ఊళ్ళు దోస్తే అది తన సైన్యం కాదని ప్రభుత్వం తప్పుకోవచ్చు. పట్టుకునే పోలీసు మాత్రం ఉండడు. ఎవరితో మొర పెట్టుకోవాలో తెలియనివాడు సగం ఓడినట్టే. ఈ బెడద నిజాం సొంత మంత్రులకూ తప్పలేదు. 1947 అక్టోబరు 27న, ఒప్పందం కోసం ఢిల్లీ బయలుదేరాల్సిన ప్రధాని ఛత్తారీ నవాబు ఇంటిని జనం చుట్టుముట్టారు. ఆయన రాజీనామా ఇచ్చాడు. రజ్వీ మద్దతు ఉన్న లాయక్ అలీ ప్రధాని అయ్యాడు.

రెండవది, మనిషిని ఏరుకోవడం. 'ఇమ్రోజ్' ఉర్దూ పత్రిక సంపాదకుడు షోయబుల్లాఖాన్ ముస్లిమే. అయినా సంస్థానం భారతదేశంలో కలవాలని రాశాడు. 1948 ఆగస్టు 21 రాత్రి హైదరాబాదులో అతన్ని కాల్చి, చెయ్యి నరికారు. చంపడానికి తూటా చాలు. మరి చెయ్యి ఎందుకు నరికినట్టు? బతికున్న రచయితలు చూడాలని!

మూడవది, ఊరంతటికీ శిక్ష. బైరాన్‌పల్లి యువకులు బురుజెక్కి రజాకార్లను తరిమికొట్టారు. ఆ ఊరిమీదకు 1948 ఆగస్టు 27న పెద్ద బలగంతో వచ్చి మారణహోమం సాగించారు. ఎదిరిస్తే పోయేది నీ ప్రాణమొక్కటే కాదు, నీ ఇరుగుపొరుగు కూడా అని చాటడమే దాని ఉద్దేశం. అప్పుడు తల్లిదండ్రులే కొడుకును 'మనకెందుకురా' అని ఆపుతారు. పాలకుడికి కావలసింది సరిగ్గా ఆ మాటే.

అయినా భయానికీ ఒక హద్దుంది. నిజామాబాదు జైల్లో పెడితే దాశరథి బొగ్గుతో గోడలమీద పద్యాలు రాశాడు. 1948 సెప్టెంబరులో పోలీసు చర్యతో నిజాం పాలన కూలింది.

కథ అక్కడితో అయిపోలేదు. రజాకార్లతో ఏ సంబంధమూ లేని సామాన్య ముస్లింలమీద ప్రతీకారం విరుచుకుపడింది. భారత ప్రభుత్వమే పంపిన సుందర్‌లాల్ కమిటీ 27 వేల నుంచి 40 వేల మంది దాకా చనిపోయి ఉంటారని అంచనా వేసింది. ఆ నివేదిక దశాబ్దాల పాటు వెలుగు చూడలేదు. న్యాయం అడిగే దారులన్నీ మూసేస్తే మనుషులకు పగ ఒక్కటే మిగులుతుందన్నమాట. ఆ పగ దోషినీ, నిర్దోషినీ వేరుచేసి చూడదు.

మిత్రులారా! కోర్టు, పత్రిక, సభ, ఓటు - ఇవి పాఠ్యపుస్తకంలో మార్కుల కోసం బట్టీపట్టే మాటలు కావు. మొర చెప్పుకోవడానికి మనకున్న వాకిళ్ళు. మనకు గిట్టని మాట అన్నవాడికి కూడా అవి తెరిచి ఉండాలి. ఒకణ్ణి ఒంటరిగా నిలబెట్టిన రోజున పక్కన నిలబడేవాళ్ళుంటే, రెండోవాణ్ణి ఏరుకోవడానికి ఎవరైనా జంకుతారు.