పక్కన కూచుందాం

మా నెమలి వేణుగోపాలస్వామి ఉత్సవంలో బాజాలు మోగగానే ఒక కుర్రవాడు చెవులు మూసుకొని కూలబడ్డాడు. పిల్లలమంతా గేలిచేశాం. నేనూ నవ్వాను. అది పిచ్చీ కాదు, పొగరూ కాదు, ఆటిజం అని చాలా ఏళ్ళకు తెలిసింది. 1943లోనే లియో కానర్ అనే వైద్యుడు దీన్ని వివరించాడు. మన దేశపు 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టంలోనూ ఇది ఉంది.

ఇలాంటి పిల్లల్లో చాలామంది మాటను మాటగానే నమ్ముతారు. "మేష్టారు పిలుస్తున్నారురా" అంటే పరుగెత్తుతారు. అది వేళాకోళమని గ్రహించరు, ఇంట్లో చెప్పుకోలేరు. అందుకే "బడి ఎలా ఉంది?" అనక, "పక్కన ఎవరు కూచున్నారు? ఏమన్నారు?" అని విడివిడిగా అడగాలి. చెప్పలేకపోతే బొమ్మ గీయమనాలి. రొదలేని చోటు చూపాలి. మార్చవలసింది వాణ్ణి కాదు, గేలిచేసేవాళ్ళను.

మిత్రులారా, రేపు మనలో కొందరం మేష్టర్లమవుతాం. విరామంలో అలాంటి పిల్లవాడికి ఒక్క నేస్తాన్ని జతచేయండి. ఆనాడు నేను చేయవలసిందీ అంతే, వాడి పక్కన కూచోవడం.