బెన్ నెవిస్ కొండదారి

పర్వతారోహణము అనగానే ఎవరికైనను హిమాలయములు జ్ఞప్తికి వచ్చును. ఎవరెస్టు శిఖరము ఎత్తు 8,849 మీటర్లు. దానితో పోల్చినచో బ్రిటనులోని కొండలు మరుగుజ్జులు. వానిలో అన్నింటికంటె ఎత్తైనది స్కాట్లండునందలి బెన్ నెవిస్. దాని ఎత్తు 1,345 మీటర్లు మాత్రమే. ఆంధ్రదేశపు తూర్పు కనుమలలో సయితము ఇంతకంటె ఎత్తైన శిఖరములు కలవు. అయినను ఈ చిన్న పర్వతమును ఎక్కుటకు ఏటేట లక్షకు పైగా జనులు వచ్చుచుందురు. వారిలో ఏమరుపాటున నడచినవారు కొందరు ప్రాణములనే పోగొట్టుకొనిరి. ఇంత తక్కువ ఎత్తుగల కొండపై అంతటి అపాయము ఎట్లు కలుగును?

స్కాట్లండు పశ్చిమ తీరమున ఫోర్ట్ విలియం అను పట్టణము కలదు. దాని చెంతనే బెన్ నెవిస్ నిలిచియున్నది. గేలిక్ భాషలో ‘బెన్’ అనగా పర్వతము. ఎక్కువారు ఇంచుమించు సముద్రమట్టము నుండియే బయలుదేరుదురు. కావున ఆ ఎత్తు అంతయు కాలినడకను సాధింపవలసినదే. పైకి పోయినకొలది చలి హెచ్చును. పాదముకంటె శిఖరము ఎనిమిది తొమ్మిది డిగ్రీలు చల్లగా ఉండును. అట్లాంటిక్ మహాసముద్రము నుండి వచ్చు తేమగాలులు కొండను తాకి పైకి లేచును, చల్లబడి మేఘములగును, వానగాను, హిమముగాను కురియును. శిఖరముపై సంవత్సరమునకు 4,000 మిల్లీమీటర్లకు మించిన వర్షపాతము కలదు.

ఈ శీతోష్ణస్థితిని తెలిసికొనుటకు మానవులు పడిన శ్రమ సామాన్యమైనది కాదు. 1881వ సంవత్సరమున క్లెమెంట్ ర్యాగ్ అను వాతావరణ పరిశోధకుడు జూన్ మొదలు అక్టోబరు వరకు దినదినము బెన్ నెవిస్ ఎక్కెను. అప్పటికి అచట సరియైన బాట లేదు. వానయైనను, గాలియైనను ఆతడు తెల్లవారుజాముననే బయలుదేరి, శిఖరమున ఉష్ణోగ్రతను, వాయుపీడనమును కొలిచి, తిరిగి దిగివచ్చెడివాడు. ఆ సమయముననే ఆతని భార్య క్రింద పట్టణమున అట్టి కొలతలనే తీసికొనెడిది. రెండింటిని పోల్చి చూచిన గాని ఎత్తు వలన వాతావరణమున కలుగు భేదము తెలియదు గదా! ఆ శ్రమను మెచ్చి స్కాట్లండు వాతావరణ సంఘమువారు ఆతనికి బంగారు పతకము నిచ్చిరి.

ఆ పరిశోధనల ఫలితముగా 1883లో శిఖరముపై రాతితో ఒక వాతావరణ పరిశోధనశాల నిర్మింపబడెను. అందులకు కావలసిన సామగ్రిని గుఱ్ఱములపై చేరవేయుటకు బాట వేసిరి. నేటి యాత్రికులలో అధికసంఖ్యాకులు నడచునది ఆ గుఱ్ఱపు బాటయే. పరిశోధనశాలలోనివారు రాత్రింబవళ్లు గంటగంటకు కొలతలు వ్రాసికొనిరి. చలికాలమున తలుపులు హిమముతో కప్పబడిపోయినను వారు ఆ పని మానలేదు. కాని ధనము చాలనందున 1904లో ఆ శాల మూతపడెను. దాని గోడల శిథిలములు నేటికిని అచట కలవు.

ఆ కొండ విజ్ఞానశాస్త్రమునకు మరియొక మేలు చేసెను. 1894 సెప్టెంబరులో సి. టి. ఆర్. విల్సన్ అను యువకుడు ఆ పరిశోధనశాలలో రెండు వారములు పనిచేసెను. సూర్యకాంతి మేఘములపై పడినపుడు ఏర్పడు రంగుల వలయములను చూచి ఆతడు ముగ్ధుడయ్యెను. అట్టి మేఘములను ప్రయోగశాలలో సృష్టింపవలెనని పూనుకొనెను. ఆ ప్రయత్నము నుండియే పరమాణువులకంటె సూక్ష్మమైన కణముల జాడలను చూపు ‘మేఘపేటిక’ వెలువడెను. అందులకు ఆతనికి 1927లో భౌతికశాస్త్రమున నోబెల్ బహుమానము లభించెను.

ఇక బాట సంగతి. అది పోవుటకు దాదాపు ఐదు మైళ్లు. మొదట పచ్చని లోయ అంచున మెల్లగా ఎక్కును. సగము దూరమున ఒక చిన్న సరస్సు సమీపమునకు చేరును. పిమ్మట ఒక వాగును దాటి, రాళ్లగుట్టలపై మెలికలు తిరుగుచు పైకి పోవును. ఈ బాటపై త్రాళ్లతో పనిలేదు. ఎండకాలమున ఓపిక గలవారెల్లరు నడవవచ్చును. అందువలననే పలువురు దీనిని తేలికగా తలంతురు. పలుచని దుస్తులతో, చాలీచాలని ఆహారముతో, మధ్యాహ్నము దాటిన పిదప బయలుదేరుదురు. క్రింద ఎండ కాయుచుండగనే పైన హిమము పడుచుండవచ్చునని వారు ఊహింపరు.

అసలైన పరీక్ష శిఖరముపై ఎదురగును. అది చదునైన రాతినేల. ఉత్తరమున వందలాది మీటర్ల లోతుగా కొండచరియలు తెగిపడియున్నవి. చలికాలమున హిమము ఆ అంచులనుండి చూరువలె ముందుకు పొడుచుకొనివచ్చును. పొగమంచు క్రమ్మినపుడు నేల యేదో, క్రింద ఆధారములేని ఆ హిమపుచూరు యేదో కంటికి తెలియదు. అట్టివేళ దిగువారు దిక్సూచిని నమ్ముకొనవలెను. శిఖరస్తంభము నుండి ఉత్తరదిశకు 231 డిగ్రీల కోణమున, అనగా ఇంచుమించు నైరుతిగా, 150 మీటర్లు నడువవలెను. పిదప 282 డిగ్రీలకు, అనగా దాదాపు పడమరకు, తిరుగవలెను. మొదటి భాగము సరిగా నడువనిచో కుడివైపు లోతైన చీలిక కలదు. సకాలమున తిరుగనిచో ఎడమవైపు మరియొకటి కలదు. ఈ రెండు సంఖ్యలును, వానిని అనుసరింపగల నేర్పును పలువురి ప్రాణములను కాపాడినవి.

కాలము లెక్కించుటయు ఒక నేర్పే. 1892లో విలియం నైస్మిత్ అను స్కాట్లండు పర్వతారోహకుడు ఒక సూత్రము చెప్పెను: మూడు మైళ్ల నడకకు ఒక గంట, ప్రతి రెండువేల అడుగుల ఎక్కుడుకు మరియొక గంట. బెన్ నెవిస్ బాట ఐదు మైళ్లు, ఎక్కుడు దాదాపు 4,400 అడుగులు. లెక్కించినచో శిఖరము చేరుటకు నాలుగు గంటలకు కొంచెము తక్కువ పట్టును. ఇందులో విశ్రాంతి చేరలేదు. దిగుట అసలే చేరలేదు. శిఖరము చేరినవాడు ప్రయాణమున సగము మాత్రమే ముగించినవాడు.

స్కాట్లండులో 3,000 అడుగులకు మించిన శిఖరముల జాబితాను 1891లో ప్రకటించినవాడు సర్ హ్యూ మన్రో. ఆ జాబితాలో నేడు 282 పర్వతములు కలవు. వానినన్నింటిని ఎక్కవలెనని నేటికిని వేలకొలది జనులు కుతూహలపడుచుందురు. అయితే మన్రో స్వయముగా తన జాబితాను పూర్తిచేయలేదు. కొన్ని శిఖరములు మిగిలియుండగనే 1919లో ఆతడు మరణించెను. అందువలన ఆతని కీర్తికి లోపమేమియు కలుగలేదు; ఆ పర్వతములు నేటికిని ఆతని పేరనే పిలువబడుచున్నవి.

దారి తప్పినవారిని వెదకుటకు ఫోర్ట్ విలియం ప్రాంతమున స్వచ్ఛంద సేవకులు సదా సిద్ధముగా ఉందురు. జీతము లేకయే వారు నడిరేయి తుపానులో కొండ ఎక్కుదురు. ఒకని అజాగ్రత్త పలువురి ప్రాణములను అపాయమున పడవేయుననుటకు ఇదియే నిదర్శనము. కావున మేఘములు క్రమ్మినపుడు శిఖరము ఇంక నూరు గజములే యున్నను వెనుకకు మరలువానిని ఆ ప్రాంతపువారు పిరికివాడనరు. కొండ రేపును అచటనే ఉండును. దానిని మరల ఎక్కుటకు మనుష్యుడు మిగిలియుండవలెను.