మొలాసిస్ ట్యాంకు: బలము, అపాయము

మన జిల్లాలో ద్రవపు ఒత్తిడికి ఎదురొడ్డి నిలుచు కట్టడములు రెండు విధములు. ఒకటి పోచంపాడ్ వద్ద గోదావరిపై నిర్మించిన ఆనకట్ట. 1963 జూలై 26న జవహర్‌లాల్ నెహ్రూ దీనికి శంకుస్థాపన చేసినారు. రెండవది చక్కెర కర్మాగారపు ఉక్కు ట్యాంకు. బోధన్‌లోని శక్కర్‌నగర్ కర్మాగారము 2015లో మూతబడినది కాని, చెరకు ఆడు చోట్లన్నిటా ఈ ట్యాంకు తప్పనిసరి. నూరు టన్నుల చెరకునుండి సుమారు నాలుగైదు టన్నుల మొలాసిస్ వచ్చును. గానుగ ఆడునది కొద్ది నెలలే. సారాయి బట్టీలకు మాత్రము ఏడాది పొడవునా సరుకు కావలెను. కావున నిలువ చేయక తప్పదు.

ద్రవపు ఒత్తిడి లోతును, సాంద్రతను బట్టి ఉండును. విస్తీర్ణముతో దానికి నిమిత్తము లేదు. పది మీటర్ల లోతున నీరు చదరపు సెంటీమీటరుకు ఒక కిలో ఒత్తిడి కలిగించగా, మొలాసిస్ 1.4 కిలోలు కలిగించును. ఆనకట్ట దీనిని తన బరువుచే ఆపును. ట్యాంకు గోడకు ఆ బరువు లేదు. అది బండిచక్రపు ఇనుప పట్టావలె చుట్టూ బిగిసి ఆపును. ట్యాంకు వ్యాసము 20 మీటర్లయినచో, అడుగున ఒక సెంటీమీటరు ఎత్తు గల పట్టీపై 1,400 కిలోల లాగుడు పడును. రేకు మందము సగమైతే ఉక్కుపై భారము రెట్టింపగును. అందుకే అడుగు రేకులు మందముగా, పై రేకులు పలుచగా వేయుదురు.

ఈ లెక్కను అలక్ష్యము చేసిన ఫలితము 1919 జనవరి 15న అమెరికాలోని బోస్టన్ నగరము చూచినది. 50 అడుగుల ఎత్తు గల ట్యాంకు పగిలి, మొలాసిస్ వీధులపై పడగా 21 మంది మరణించినారు. దాని గోడలు ఉండవలసిన దానికంటె పలుచన. కట్టిన పిదప ఆరు అంగుళాల నీరు మాత్రమే పోసి పరీక్షించినారట! అతుకులు కారుచుండగా, కారుట కనబడకుండ గోధుమరంగు పూసినారు.

గోడ గట్టిదైనను చాలదు. పంపుతో సరుకు తోడునపుడు గాలిగొట్టము మూసుకొనిపోయినచో లోపల గాలి పలుచబడును. లోపలి ఒత్తిడి నూటికి ఒక వంతు తగ్గినను, ఆ 20 మీటర్ల కప్పుపై బయటి గాలి 30 టన్నులకు మించి బరువు మోపును. కప్పు లోనికి కూలును. మొలాసిస్ వేడిగా నిలువయున్నచో తనంతట తానే మరింత వేడెక్కి, నురుగు లేచి పొంగవచ్చును. కనుక చల్లార్చి నింపవలెను. ఉష్ణోగ్రత తరచు చూడవలెను.

అన్నిటికంటె ప్రమాదకరము ఖాళీ ట్యాంకు. అడుగున మిగిలిన మడ్డిలో వాననీరు చేరిన పులియును. బొగ్గుపులుసు వాయువు పుట్టును. ఇది గాలికంటె ఒకటిన్నర రెట్లు బరువు, రంగు లేనిది. శుభ్రము చేయ దిగినవాడు క్షణములలో స్పృహ తప్పును. అతనిని లాగబోయిన రెండవవాడు కూడ పడిపోవును; ఇట్టి ప్రమాదములలో కాపాడబోయినవారే పలుమార్లు మరణించుచున్నారు. దిగుటకు ముందు పంఖాలతో గాలి పట్టించి, ఆమ్లజని మీటరుతో అడుగు వరకు పరీక్షించవలెను, 19.5 శాతమునకు తగ్గినచో దిగరాదు. దిగువానికి నడుము పట్టీ, తాడు ఉండవలెను. తాడు రెండవ కొన పట్టుకొన్నవాడు బయటనే నిలిచి పైకి లాగవలెను గాని, తాను లోనికి దిగరాదు.