పాత మస్టాంగ్: వెనక సీటు కింది రొద

ఫోర్డ్ మస్టాంగ్ 1964 ఏప్రిల్ 17న న్యూయార్క్ ప్రపంచ ప్రదర్శనలో జనం ముందుకొచ్చింది. ఆ తొలి తరం కార్ల మీద మోజు మనవాళ్ళకీ తక్కువేం కాదు. వారమంతా కోడు రాసి, శనివారం గరాజ్‌లో చేతులకి గ్రీజు పూసుకునేవారి కోసం ఈ నాలుగు మాటలు.

ఈ కారు ఎక్కగానే చెవిన పడేది వెనకనించి వచ్చే రొద. ఎందుకో తెలియాలంటే డిక్కీలో పరిచిన మ్యాట్ ఎత్తి చూడండి. ఇప్పటి కార్లలో టాంకు సాధారణంగా నేల కింద పట్టీలతో వేలాడుతుంది. 1965 మస్టాంగ్‌లో అలా కాదు. డిక్కీ నేలలో పెద్ద కంత చేసి, 16 గాలన్ల టాంకుని పైనించి దింపి, అంచుల వెంట స్క్రూలు బిగించారు. అంటే టాంకు పైరేకే డిక్కీకి నేల! పల్చటి రేకు, కింద సగం ఖాళీ డబ్బా, ఇంకేముంది, డప్పు తయారు. సైలెన్సర్ మోత, టైర్లు చిమ్మే కంకర, లోపల పెట్రోలు తొణుకు అన్నీ అందులో మోగుతాయి. డిక్కీకీ మనుషులకీ మధ్య సీటూ అట్టముక్కా తప్ప ఇనప గోడ లేదు.

రొదలో రెండు రకాలున్నాయి, రెండింటికీ ఒకే మందు పనిచేయదు. రేకు అదురుకి అల్యూమినియం పొర ఉన్న బ్యూటైల్ రబ్బరు పట్టీ అంటించాలి. అది అదురుని కాస్త వేడిగా మార్చేసి మింగుతుంది. రేకంతా కప్పనక్కర్లేదు, మధ్యలో పావు వంతు కప్పినా చాలావరకు సరిపోతుంది. వేలితో కొట్టి చూడండి: "టంగ్" పోయి "టప్" అనాలి. గాలిలో వచ్చే మోతకి మాత్రం బరువు కావాలి. నీరు పీల్చని ఫోమ్ మీద బరువైన వినైల్ షీటు పరవండి. బరువు రెట్టింపయితే మోత సుమారు 6 డెసిబెల్స్ తగ్గుతుంది. కానీ సందులు వదిలితే ఆ లాభం పోతుంది. ఇళ్ళ కప్పుకి వేసే తారు షీట్లు చవకే గానీ, ఎండకి కరిగి కంపు కొడతాయి. జనపనార ఫెల్ట్ తేమ పట్టి రేకుకి తుప్పు తెస్తుంది.

పట్టీ అంటుకోడానికి హీట్ గన్ మాత్రం వాడకండి. కారుని ఎండలో ఉంచి, చేతి రోలర్‌తో నొక్కితే చాలు. టాంకు ఖాళీ చేశాం కదా అనుకోవద్దు, ఆవిరి నిండిన ఖాళీ టాంకే ఎక్కువ ప్రమాదం. పెట్రోలు ఆవిరి గాలి కన్నా బరువు, నేల వెంట పాకుతుంది. అమెరికాలో చాలా ఇళ్ళలో గరాజ్ మూలనే గ్యాసు వాటర్ హీటర్ ఉంటుంది, దాని చిన్న మంట ఎప్పుడూ వెలుగుతూనే ఉండొచ్చు. కాబట్టి ఈ పని ఆరుబయట, బ్యాటరీ వైరు తీసేశాకే. పెట్రోలు పోసే గొట్టానికున్న రబ్బరు హోసు ముందే మార్చండి. దాన్నీ, గేజి అమర్చిన చోటునీ దేనితోనూ కప్పకండి. కారితే కంటికి కనపడాలి.

అసలు డబ్బు పెట్టాల్సింది ఇంకోచోట. వెనకనించి ఎవరైనా గుద్ది టాంకు పగిలితే, పెట్రోలు డిక్కీలోంచి నేరుగా సీట్ల మీదకే వస్తుంది. సర్వర్లకి మనం పెట్టే ఫైర్‌వాల్ పేరున్న గోడ ఈ కారుకి ఇంజను వైపే ఉంది, వెనక లేదు. వెనక సీటు వెనకాల బిగించే ఉక్కు రేకు మార్కెట్లో దొరుకుతుంది. అంచులకి సీలు వేసి, వైర్లు వెళ్ళే కంతలకి రబ్బరు బిళ్ళలు పెట్టి, బ్యూటైల్ పట్టీలు ముందు దాని మీద అంటించండి. మిగిలితే టాంకు మీద.